నెట్ పోయిన రోజులు

ఫిబ్రవరి 9

పాప వాడి వదిలేసిన నోటుబుక్కు ఇది. ముందున్న లెక్కల పేజీలు చించేసి మిగతాది నేను తీసుకున్నాను. దీన్ని ఎవరూ చదవరు. చదివేవాళ్లుంటే ఒక్క ముక్క రాసేవాణ్ని కాదు.

ఇవాళ కౌంటరుకు చేరినవి గొడుగులు మూడు, లంచ్ బాక్సు ఒకటి, ఎడమకాలి చెప్పు ఒకటి. ఒంటి చెప్పుతో బస్సు దిగి ఆ మహానుభావుడు ఇంటికెలా వెళ్లాడో నాకర్థం కాలేదు. పదహారేళ్లు బస్సు నడిపిన మనిషిని, నాలుగు నెలలుగా ఈ పోయిన వస్తువుల కౌంటర్లో కూర్చుని చెప్పులకు చీటీలు కడుతున్నాను.

అక్టోబరు పదకొండున జరిగింది ఇంతే. సిగ్నల్ దగ్గర ఆగాను. పచ్చలైటు పడిందట. నేను కదల్లేదట. వెనకవాళ్లు హారన్లు కొట్టారట. బ్రేకు మీద కాలు సడలి బస్సు నెమ్మదిగా ముందుకు దొర్లిందట. కండక్టరు పరుగెత్తుకొచ్చి పార్కింగ్ బ్రేకు లాగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఈ 'అట'లన్నీ ఆవిడ రిపోర్టులోవే. "డ్రైవరు కళ్లు తెరిచే ఉన్నారు, పిలిస్తే పలకలేదు" అని రాసింది. పదకొండేళ్లు నా బస్సులో టికెట్లు కొట్టిన మనిషి, చెల్లెమ్మా అని పిలిచేవాణ్ని. ఎండకి కళ్లు తిరిగాయి అని రాస్తే ఆవిడ సొమ్మేం పోయేది?

డాక్టరు ఇది ఫిట్సులో ఒక రకం అన్నారు. కింద పడి కొట్టుకోవడం ఉండదు. కొన్ని క్షణాలు మనిషి కూర్చున్నచోటే లేకుండా పోతాడు, మళ్లీ వస్తాడు. మందు వేసుకుంటూ ఆర్నెల్లు ఒక్కసారి కూడా రాకుండా ఉంటే అప్పుడు స్టీరింగు సంగతి మాట్లాడదాం అన్నారు. అప్పటిదాకా స్కూటరు కూడా ముట్టుకోవద్దన్నారు. ఏప్రిల్ పదకొండున రమ్మన్నారు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక్కసారి కూడా రాలేదు.

ఫిబ్రవరి 10

నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. సిబ్బందికి ఫోన్లో కారు రేసు పోటీలట. ఏడు డిపోలు, డిపోకు నలుగురు, ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి, ఆఖర్న మొదటి రెండు డిపోలకు ఫైనల్. "జట్టు కట్టగలవా?" అని మేనేజరు నన్నే అడిగారు. జాలితో అడిగారని తెలుసు. అయినా ఊ అన్నాను. నాలుగు నెలల తర్వాత ఎవరో నన్ను నడపమన్నారు, ఫోన్లో అయితేనేం?

ఫిబ్రవరి 12

జట్టు కట్టడమంటే పెళ్లి సంబంధం చూడ్డం కన్నా కష్టంగా ఉంది.

రేసులో ఎనిమిది కార్లు, మనవి నాలుగు, వాళ్లవి నాలుగు. మొదట వచ్చినవాడికి పది పాయింట్లు, తర్వాత వరసగా ఎనిమిది, ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. నలుగురివీ కలిపి ఎవరికి ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టు. అంటే ఒక్కడు మొదట వచ్చినంత మాత్రాన ఒరిగేదేం లేదు. ఒకడు ముందుండాలి, ఒకడు వాడి వెనకాలే ఉండి కాపు కాయాలి, ఒకడు అవతలివాళ్ల దారికి అడ్డం పడాలి. మా వాళ్లకు ఇది చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

టైర్లకు గాలి కొట్టే కుర్రాడున్నాడు, ఇరవయ్యారేళ్లు. డిపోలో అందరూ వాణ్ని 'గాలి' అంటారు, మాటలు కూడా అలాంటివే. చెయ్యి మాత్రం మెరుపు. రెండోవాడు ఇంజన్ మెకానిక్కు, సుత్తి పెద్దాయన. వచ్చే ఏడాది రిటైరవుతాడు. పనిలో సుత్తి వదలడు, మాట్లాడితే మనల్ని వదలడు. కానీ ఎవడికీ దారివ్వడు, అడ్డం పడటానికి ఆయనే సరి. మూడు నేను. నాలుగోవాళ్లు దొరకలేదు.

మధ్యాహ్నం కండక్టరు కౌంటరు దగ్గరకొచ్చి నిలబడింది. రిపోర్టు తర్వాత ఆవిడతో నేను మాట్లాడింది లేదు.

"అన్నా, నన్ను కూడా చేర్చుకోండి."

"ఆట వచ్చా?"

"రాదు. నేర్చుకుంటా."

గాలి పక్కనుంచి ఇకిలించాడు. "అక్కా, ఇది టికెట్లు చించడం కాదు."

"నువ్వు టైర్లకు గాలి కొట్టినప్పుడు పుట్టుకతోనే వచ్చి కొట్టావా? నేర్చుకున్నావుగా!" అంది.

నాలుగోవాళ్లు లేరు కాబట్టి చేర్చుకున్నాను. అంతే, ఇంకో కారణం లేదు.

ఫిబ్రవరి 15

గెలిచాం!

సిబ్బంది విశ్రాంతి గదిలో పొడుగు బల్ల చుట్టూ కూర్చుని ఆడాం. గాలి రెండోస్థానం, నేను మూడు, సుత్తి పెద్దాయన నాలుగు, కండక్టరు ఎనిమిది. ఎనిమిదైనా ఒక పాయింటు వచ్చింది కదా, ఆ ఒక్కదాంతోనే గట్టెక్కాం. ఇరవై, పంతొమ్మిది. గాలి బల్ల ఎక్కి గెంతాడు. "దిగరా, అది డిపో ఆస్తి!" అని పెద్దాయన వాడి చెవి పట్టుకుని దించాడు.

ఆరో రౌండులో కాసేపు నెట్ పోయింది. అదే సమయానికి కండక్టరు వెనకనుంచి వచ్చి నా కారును గుద్దింది. సొంత జట్టు మనిషిని! పైగా నా పక్కనే కూర్చుని మోచేత్తో పొడుస్తూ బస్సులో అరిచినట్టు "రైట్ రైట్" అంటోంది. పదకొండేళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది? ఆట అయ్యాక, చూసి నడపమ్మా అన్నాను. సరేనన్నా అంది.

ఇంటికెళ్లి చెబితే పాప చప్పట్లు కొట్టింది. ఇంటావిడ నా మొహంకేసి చూస్తూ, "ఎన్నాళ్లయిందండీ మీరిలా నవ్వి" అంది.

ఫిబ్రవరి 22

మళ్లీ గెలిచాం. నేనే మొదటిస్థానం. ఒక్క మలుపులో కూడా తప్పు పోలేదు. ఈ చేతులకు మరుపు రాలేదు.

మార్చి 1

ఓడాం. మళ్లీ నెట్ పోయింది. మళ్లీ గుద్దింది.

మార్చి 4

కౌంటరుకు ఒక గిటారు వచ్చింది. దాని యజమాని వచ్చి తీసుకెళ్తూ నా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పదహారేళ్లు లక్షలమందిని గమ్యం చేర్చాను, ఒక్కడు నా చేతులు పట్టుకోలేదు.

ఏప్రిల్ పదకొండుకు ఇంకా ముప్పై ఎనిమిది రోజులు.

మార్చి 8

గెలిచాంగానీ గెలిచినట్టు లేదు. చివరి రౌండులో నెట్ పోయింది. కండక్టరు ఈసారి పక్కనుంచి వచ్చి ఢీకొట్టింది, నా కారు ఇటునుంచి అటు తిరిగింది. ఈలోపు అవతలివాళ్లు ఇద్దరు నన్ను దాటేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. అందరిముందూ అరిచాను.

"గుద్దడానికి నేనే దొరికానా? అవతలివాళ్లు నలుగురున్నారు కదా!"

ఆవిడ ఫోన్ బల్లమీద పెట్టి, "మీరు బాగానే ఉన్నారా అన్నా?" అంది.

ఏం ప్రశ్న అది? నెట్ పోయింది అన్నాను. ఈ గదిలో నెట్ ఎప్పుడూ ఇంతే అన్నాను. పెద్దాయన ముక్కు మీదకు జారిన కళ్లద్దాల పైనుంచి చూసి, "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట" అన్నాడు. నవ్వేశారంతా. నేనూ నవ్వాను.

మార్చి 10

కండక్టరును తీసేశాను.

చాలా ఆలోచించే చేశాను. నాలుగు రేసుల్లోనూ ఆఖరి స్థానమే. జట్టు గట్టిపడాలంటే మొహమాటం పనికిరాదు. డ్యూటీ చార్టులు వేసే క్లర్కమ్మాయి ఈ ఆటలో పెద్ద తురుపుముక్కని గాలి చెప్పాడు. ఆ అమ్మాయిని తీసుకున్నాను. ఇందులో రిపోర్టు గొడవేం లేదు. కేవలం వేగం విషయం.

చెప్పినప్పుడు కండక్టరు సరేనంది. "మీ పక్కన ఎవరు కూర్చుంటారన్నా?" అని మాత్రం అడిగింది. ఎవరైతే ఏంటి అన్నాను.

రిపోర్టు గొడవేం లేదు.

మార్చి 15

ఓటమి. అదీ మామూలు ఓటమి కాదు.

గాలి ముందుండాలంటాడు, క్లర్కమ్మాయి ముందుండాలంటుంది, నేనెలాగూ ముందుండాలి. మొదటి మలుపులోనే ముగ్గురం ఒకళ్లనొకళ్లు రాసుకుని గోడకు కొట్టుకున్నాం. వెనకనుంచి వచ్చిన పెద్దాయన మా ముగ్గుర్నీ గుద్దాడు. అవతలి డిపోవాళ్లు మమ్మల్ని చూసి నవ్వలేక చచ్చారు.

"అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవర్రా?" అన్నాడు పెద్దాయన. "ఆ అమ్మాయి ఉన్నప్పుడు కనీసం ఒకళ్లు మోసేవాళ్లుండేవాళ్లు."

మోయడమేమిటి, ఆఖర్న రావడం కూడా ఒక మోతేనా అని నేనన్నాను. ఆయన జవాబు చెప్పకుండా టీ తాగాడు. ఆయన జవాబు చెప్పకపోవడం నేను చూడటం ఇదే మొదలు.

మార్చి 18

పాపకు పరీక్ష. బస్సు తప్పిపోయింది. ఇంటావిడ అప్పటికే పనికి వెళ్లిపోయింది. ఏడుపు మొహం పెట్టుకుని గుమ్మంలో నిలబడితే ఏ తండ్రి చూస్తూ ఊరుకుంటాడు? స్కూటరు మీద దింపాను. ఒక్కరోజే. పది నిమిషాల దారి. రేసు గురించి ఆలోచిస్తూ స్కూలు దాటిపోయాను, పాప భుజం తట్టి చెబితే వెనక్కి తిప్పాను. సమయానికే చేర్చాను.

అమ్మకు చెప్పకు అన్నాను. సరే నాన్నా అంది.

మార్చి 19

స్కూటరు తాళం కనిపించడం లేదు. ఎక్కడ పెట్టానో. పోతే పోయింది.

మార్చి 22

నెట్ పోయింది. ఈసారి నేరుగా గోడలోకి వెళ్లింది కారు, అక్కడే గోడకు ఒరుసుకుంటూ ఉండిపోయింది. కళ్లు తిప్పి చూసేసరికి నేను ఎనిమిదోస్థానంలో ఉన్నాను. మిగతా ముగ్గురూ బాగా ఆడారు. అయినా ఓడాం. దక్కీదక్కక రెండోస్థానంతో ఫైనల్‌కు మాత్రం చేరాం, మిగతావాళ్లు మాకంటే అధ్వాన్నంగా ఆడారు కాబట్టి.

గాలి నాకేసి వింతగా చూస్తున్నాడు. వాడి మాటలే గాలి అనుకున్నాను, చూపులు కూడా నచ్చడం లేదు.

మార్చి 24

క్లర్కమ్మాయి మధ్యాహ్నం కౌంటరు దగ్గరకొచ్చింది, చేతిలో కాగితం. డ్యూటీ చార్టులు వేసీ వేసీ ఆ అమ్మాయికి దేన్నైనా గడుల్లో పెట్టనిదే తోచదు. ఆరు రేసులూ గీతలు కొట్టి వేసుకొచ్చింది.

"సార్, ఒకటి అడగనా? కోప్పడకండి."

కోప్పడకండి అని మొదలుపెట్టిన ఏ మాటా ఇంతవరకు నాకు మంచి చెయ్యలేదు. అడగమన్నాను.

"కండక్టరక్క ఎప్పుడూ ఆఖరే. కానీ అక్క ఉన్న నాలుగు రేసుల్లో మూడు గెలిచాం. అక్క లేని రెండూ ఓడాం. నాకు లెక్క కుదర్లేదు. అందుకని రికార్డయిన రేసులన్నీ మళ్లీ వేసి చూశా." ఫోన్ నా ముందు పెట్టింది. "ఇది మొన్నటిది. నెట్ పోయింది అన్నారు కదా. నెట్ పోతే కారు గెంతుతుంది సార్, ఇక్కడుండేది అక్కడ తేలుతుంది. మీ కారు గెంతలేదు. తిన్నగా వెళ్లింది. మలుపొచ్చినా తిన్నగానే వెళ్లింది. ఎవరూ స్టీరింగు పట్టుకోనట్టు."

కౌంటరు మీది చీటీలు సర్దాను.

"ఇది మార్చి ఎనిమిదిది. ఇక్కడ కూడా మీ కారు తిన్నగా గోడమీదకు పోతోంది. అప్పుడు అక్క చూడండి, తన మలుపు వదిలేసి అడ్డంగా వచ్చింది. మీ కారు ముక్కును గుద్ది దారిలోకి తిప్పింది. తర్వాత వెనకనుంచి తోసుకుంటూ వెళ్లింది, మీరు మళ్లీ తిప్పడం మొదలుపెట్టేదాకా. అప్పుడు తను ఎనిమిదికి పడిపోయింది. మార్చి ఒకటిన కూడా ఇంతే. మొదటి రేసులో కూడా."

ఫోన్ తీసుకెళ్లమన్నాను. కౌంటరు మూసే వేళయింది అన్నాను. మూడున్నర అయింది, మూసేది ఆరింటికి. ఆ అమ్మాయి గోడమీది గడియారం చూసి వెళ్లిపోయింది.

కంప్యూటర్ల పిల్ల, నాకు చెప్పొచ్చింది. నెట్ గురించి ఈవిడకేం తెలుసు?

మార్చి 25

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పొద్దున్నుంచీ ఎవరు పలకరించినా కసురుతున్నాను. ఇంటావిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఆవిడనూ కసిరాను.

మార్చి 26

ఒక పెద్దావిడ గొడుగు కోసం వచ్చింది. పోయిందని రాయించిన చీటీ అడిగాను. ఆవిడ చీటీ నా చేతికే ఇచ్చి చాలాసేపయిందట. "ఏం నాయనా, ఇందాకట్నుంచి పిలుస్తున్నా, ఎక్కడున్నావు?" అంది. చూస్తే చీటీ నా చేతిలోనే ఉంది.

ఇక్కడ ఫోన్ లేదు. ఆట లేదు. నెట్ లేదు.

మార్చి 27

సెలవు పెట్టి నా పాత రూటు బస్సెక్కాను.

డ్రైవరు సీటు వెనకున్న కిటికీ దగ్గర కూర్చున్నాను. కొత్త డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కుతాడు, నిలబడ్డవాళ్లు ముందుకు తూలుతున్నారు. ఇంకోరోజైతే లోలోపల వాణ్ని నాలుగు తిట్టుకునేవాణ్ని. కండక్టరు నన్ను చూసింది. టికెట్ ఇచ్చింది. నేను దిగలేదు, ఆవిడ అడగలేదు. చివరి స్టాపులో అందరూ దిగాక డ్రైవరు టీకి వెళ్లాడు. ఆవిడ నా ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, మంచినీళ్ల సీసా ఇచ్చింది. పదకొండేళ్లు ఇదే స్టాపులో ఇలాగే ఇచ్చేది.

"ఎన్నిసార్లు?" అన్నాను.

ఏమిటి ఎన్నిసార్లు అని అడగలేదు. "నేనున్నప్పుడు మూడు. క్లర్కమ్మాయి చూపించిందొకటి. నాలుగన్నా."

"మరి చెప్పలేదేం?"

"ఒకసారి చెప్పా కదా. రిపోర్టు రాశా. మీరు నా మొహం చూడ్డం మానేశారు." గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను. "ఆ రోజు బస్సులో యాభై మంది ఉన్నారన్నా. ముందుసీట్లో చంటిపిల్లాణ్ని ఎత్తుకున్న అమ్మాయి. మీకు గుర్తుండదు. నాకు గుర్తే. కళ్లు తిరిగాయని రాస్తే మర్నాడే మిమ్మల్ని మళ్లీ స్టీరింగు దగ్గర కూర్చోబెట్టేవాళ్లు. రాయలేకపోయా."

నాకు ఆ చంటిపిల్లాడు గుర్తులేడు. ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా ముందుసీట్లో ఎవరున్నారని నేను అడగలేదు. రిపోర్టులో నా గురించి ఏం రాసిందన్నదే చూశాను.

"మరి ఆటలోకెందుకు వచ్చావు? ఆట రాదన్నావుగా."

"మీరు బల్ల దగ్గర ఫోన్ పట్టుకుని నడుపుతుంటే పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆట గురించి నాకేం తెలుసు? మీకు మళ్లీ వస్తోందో లేదో తెలుస్తుందనుకున్నా. రాకూడదనే దండం పెట్టుకుంటూ కూర్చున్నా. మొదటిరోజే వచ్చింది." సీసా మూత బిగించింది. "డాక్టరు దగ్గరకెప్పుడు?"

"పదకొండున."

"మీరే చెబుతారని చూస్తున్నా. మీరు చెప్పకపోతే నేను చెబుతా. మళ్లీ నాతో మాట్లాడటం మానేసినా సరే. మీరు బస్సెక్కే ముందు మాత్రం చెబుతా. ఇది ముందే చెప్పేస్తున్నా, తర్వాత వెనకనుంచి పొడిచిందనకండి."

నేను ఏడ్చాను. ఖాళీ బస్సు, ఆవిడ తప్ప ఎవరూ చూడలేదు. క్షమించమ్మా అని అనాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఫైనల్‌కు రా, నువ్వు లేకపోతే గోడకు కొట్టుకుంటున్నా" అన్నమాట. ఆవిడ నవ్వేసి కళ్లు తుడుచుకుంది.

మార్చి 29

ఐదుగురం అయ్యాం, ఆడాల్సింది నలుగురు. నేను దిగిపోతానన్నాను. ఎందుకో చెప్పాను. నెట్ కాదు, నేనే అన్నాను. ఆ మాట పైకి అనడానికి నా నోరు ఎంత మొరాయించిందో నాకే తెలుసు.

గాలి బిక్కమొహం వేశాడు. "అన్నా, నేను మొన్న నీ వెనకాల నవ్వాను" అన్నాడు. నవ్వితే నవ్వావులేరా అన్నాను.

"నువ్వెందుకు దిగడం?" అన్నాడు పెద్దాయన. "ఇది బొమ్మకారు. గోడకు కొడితే గోడక్కూడా దెబ్బ తగలదు. నావి ముసలి వేళ్లు, నేను దిగుతా. ఒడ్డున కూర్చుని మీ అందర్నీ తిడతా, అది నాకు ఇంకా బాగా వచ్చు."

కొత్త వరస ఇలా వేశాం. క్లర్కమ్మాయి ముందు. గాలి ఆ అమ్మాయికి కాపు, అలగకుండా ఒప్పుకున్నాడు. నేను మూడు. కండక్టరు నా వెనక. వేగాలు కూడి జట్టు కట్టానని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎవరు ఎవరి వెనక ఉండాలో చూసింది ఇవాళే.

ఏప్రిల్ 5

ఓడిపోయాం! ఒక్క పాయింటుతో. పంతొమ్మిది, ఇరవై.

అయినా ఇంత మంచి రేసు నేను ఆడలేదు. క్లర్కమ్మాయి మొదటిస్థానం. గాలి ఐదు, నేను ఆరు. ఆఖరి రౌండులో నేను సరిగ్గా ఉన్నానని చూసి, కండక్టరు నన్ను వదిలేసి అవతలివాడి మీద పడింది. వాణ్ని దాటి ఏడోస్థానంలో వచ్చింది. ఏడు! ఆవిడ కింద ఇంకొకరు ఉండటం ఇదే మొదటిసారి. కప్పు పోయిందన్న సంగతి మరిచిపోయి గదంతా ఆవిడ పేరు పెట్టి అరిచారు. ఆవిడ సిగ్గుతో కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పెద్దాయన అవతలి డిపోవాళ్లకు కూడా టీ పోయించి, వాళ్లకు ఇంజన్ల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. కప్పు గెలిచినందుకు శిక్ష అనుకుని విన్నారు పాపం.

ఇవాళ నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఎనిమిది రౌండ్లు, ఒక్క క్షణం తప్పిపోలేదు.

ఏప్రిల్ 7

మార్చి 26 తర్వాత రాలేదు. పన్నెండు రోజులు. మందు పనిచేస్తున్నట్టే కదా.

ఏప్రిల్ 8

తగ్గిపోయిందేమో. తగ్గిపోయిన జబ్బు గురించి చెప్పి ఏం లాభం? నాలుగుసార్లు అంటే ఆయన ఏదో పెద్ద విషయం అనుకుంటారు. రెండు క్షణాలు, మూడు క్షణాలు. ఎవరికి ఉండవు?

ఏప్రిల్ 9

యూనిఫారం ఇస్త్రీ చేసి ఉంచింది ఇంటావిడ. నేను అడగలేదు. "పదకొండు తర్వాత కావాలి కదండీ" అంది. పాప పక్కన నిలబడి బొత్తాలు లెక్కపెడుతోంది. నాకేసి చూడలేదు. మార్చి పద్దెనిమిది నుంచి ఆ పిల్ల నాకేసి సరిగ్గా చూడటం లేదు. అమ్మకు చెప్పకు అన్నాను కదా, చెప్పలేదు. పన్నెండేళ్ల పిల్ల, మూడు వారాలుగా ఒక్కతే మోస్తోంది.

ఏప్రిల్ 10

రాయలేను.

ఏప్రిల్ 11

ఆస్పత్రి వరండాలో బల్ల మీద గంటన్నర కూర్చున్నాం. ఇంటావిడ రిపోర్టుల ఫైలు ఒళ్లో పెట్టుకుంది. నా పేరు పిలిచారు.

డాక్టరు మందులు చూశారు, బరువు చూశారు, కళ్లలోకి లైటు వేశారు. "మధ్యలో ఏమైనా తేడా చేసిందా?" అని అడిగారు. ఎంత మామూలుగా అడిగారో! లేదండీ అంటే చాలు. ఇంటావిడ అప్పుడే కాస్త నవ్వుతూ ఫైలు మూస్తోంది.

"ఆరుసార్లు వచ్చింది" అన్నాను.

ఆవిడ చెయ్యి ఫైలు మీదే ఆగిపోయింది.

నాలుగు ఆటలో అని చెప్పాను. ఒకటి కౌంటర్లో, గొడుగు కోసం వచ్చినావిడ ముందు. డాక్టరు రాసుకుంటూ, "ఆరోది?" అన్నారు.

ఆరోది చెప్పాను. పాప పరీక్ష రోజు. స్కూటరు మీద. రేసు గురించి ఆలోచిస్తున్నానని ఈ పుస్తకంలో కూడా రాసుకున్నాను. అబద్ధం. నేనేమీ ఆలోచించడం లేదు. కూరగాయల బండి దగ్గరున్నాను, తర్వాత స్కూలు దాటి ఎక్కడో ఉన్నాను, మధ్యలో ఏమీ లేదు. పాప భుజం తట్టలేదు. రెండు చేతులతో నా చొక్కా పట్టుకుని నాన్నా నాన్నా అని ఏడుస్తోంది. నేను వచ్చేసరికి స్కూటరు రోడ్డుకు అవతలి పక్కన పోతోంది. ఎదురుగా ఏదీ రాలేదు. అంతే, రాలేదు కాబట్టి ఇవాళ నేనిది రాస్తున్నాను. ఇంటికొచ్చి తాళం కాలవలో పడేశాను.

డాక్టరు తిట్టలేదు. మందు మార్చారు. లెక్క మళ్లీ మొదటినుంచి అన్నారు. పెద్ద బండ్ల సంగతి ఇక మర్చిపోవడం మంచిది అని కూడా అన్నారు, మెల్లగానే. సరేనన్నాను. పదహారేళ్లు సరే అన్న ఒక్క మాటలో అయిపోయాయి.

బయటికొచ్చాక ఇంటావిడ ఒక్కటే అడిగింది.

"వెనకాల పాప ఉందా?"

"ఉంది."

నన్ను వదిలేసి ముందు నడిచింది. వీధి పొడుగునా వెనక్కి తిరగలేదు. ఆవిడ వీపు వణుకుతుండటం కనిపిస్తోంది. పదడుగుల దూరంలో వెనకాలే నడిచాను.

కూడలి దగ్గర ఆగింది. బస్సులు, లారీలు, ఎటుచూసినా హారన్లు. రోడ్డు దాటేస్తుందనుకున్నాను. దాటలేదు. నాకోసం నిలబడింది. నేను పక్కకు చేరాక, నా మొహం చూడకుండానే నా మణికట్టు పట్టుకుంది, చిన్నపిల్లల్ని పట్టుకున్నట్టు గట్టిగా. ఆ కూడలిలో నేను బస్సు తిప్పని రోజు లేదు. పట్టుకోనిచ్చాను.